1.3 మల్టీజెట్: మూడు లీటర్ల ఆయిల్ మీద ఆధారపడిన ఇంజన్

ఫియట్ 1.3 మల్టీజెట్ నాలుగు సిలిండర్ల చిన్న టర్బో డీజిల్ ఇంజన్. దీని సామర్థ్యం 1248 సీసీ. ఇటలీకి చెందిన ఫియట్, అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ ఉమ్మడిగా నడిపిన సంస్థ దీన్ని 2003లో మార్కెట్లోకి తెచ్చింది. పోలండ్‌లోని బియెల్‌స్కో-బియావా కర్మాగారంలో తయారీ మొదలైంది. రెండేళ్లకే, అంటే 2005లో, అంతర్జాతీయ ‘ఇంజన్ ఆఫ్ ద ఇయర్’ పోటీలో లీటరు నుంచి 1.4 లీటర్ల తరగతి బహుమతి దీనికి దక్కింది. యూరప్‌లో ఫియట్, ఒపెల్, లాన్సియా కార్లలోనే కాక ఫోర్డ్ కా, ప్యూజో బిపర్ లాంటి పోటీ కంపెనీల బండ్లలోనూ ఇదే ఇంజన్ కూర్చుంది.

అయితే ఈ ఇంజన్ పేరు ఇంటింటికీ తెలిసింది మాత్రం మన దేశంలోనే. 2007 జనవరిలో మారుతి స్విఫ్ట్ డీజిల్ వచ్చినప్పుడు దాని బానెట్ కింద ఉన్నది ఇదే. ఆ తర్వాత డిజైర్, రిట్జ్, ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, విటారా బ్రెజా; టాటా వాళ్ల ఇండికా విస్టా, మాంజా, జెస్ట్, బోల్ట్; ఫియట్ సొంత కార్లు పుంటో, లీనియా; షెవర్లే సెయిల్... ఇలా ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టి అమ్మింది. మారుతిలో అది డీడీఐఎస్, టాటాలో క్వాడ్రాజెట్, షెవర్లేలో స్మార్టెక్. పేరు ఏదైనా లోపలి ఇనుము ఒకటే. మారుతి కోసం లైసెన్సు మీద హర్యానాలోని మానేసర్‌లోనూ, ఫియట్, టాటాల కోసం పుణె దగ్గరి రంజన్‌గావ్‌లోనూ ఇది తయారయ్యేది. మోటారు పత్రికలు దీనికి ‘జాతీయ ఇంజన్’ అని పేరు పెట్టాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నాల్లో ట్యాక్సీ స్టాండ్లను ఏలిన డిజైర్లను తలుచుకుంటే ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

2020 తర్వాత కొత్త మారుతి కార్లలో ఈ ఇంజన్ లేదు. కానీ పాత కార్లు ఇంకా రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చేతులు మారుతూనే ఉన్నాయి. కాబట్టి ఇది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ గట్టిది, ఎక్కడ బలహీనం, దేనికి ఎంత జాగ్రత్త కావాలన్నది కారున్న వాళ్లూ, కొనబోయే వాళ్లూ తెలుసుకోవలసిన విషయమే.

కొలతలు, వాటి అర్థం

సిలిండర్ వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 82 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే పొడవు ఎక్కువ. డీజిల్ ఇంజన్లలో ఈ తీరు మామూలే. పిస్టన్ దూరం ఎక్కువైతే ఇంజన్ మరీ ఎక్కువ చుట్లు తిరగలేదు గానీ, తక్కువ చుట్ల దగ్గరే బలంగా లాగుతుంది. సిలిండర్ బ్లాకు పోత ఇనుము, పైనుండే హెడ్ అల్యూమినియం. ఒక్కో సిలిండర్‌కు నాలుగు చొప్పున మొత్తం పదహారు వాల్వులు, వాటిని ఆడించడానికి రెండు క్యామ్‌షాఫ్టులు. ఇంత సరంజామా ఉన్నా ఇంజన్ బరువు దాదాపు 130 కిలోలు, పొడవు అర మీటరు కంటే తక్కువ. చిన్న హ్యాచ్‌బ్యాక్ ముందు భాగంలో అడ్డంగా ఇమిడిపోయేలా దీన్ని మొదటి నుంచీ తీర్చిదిద్దారు. అప్పటిదాకా చిన్న కారుకు డీజిల్ ఇంజన్ అంటే మోత, బరువు, పొగ అనే పేరుండేది. ఆ పేరు చెరిపేసిన ఇంజన్లలో దీనిది ముందు వరస.

మన దేశంలో ఇది ముఖ్యంగా రెండు రకాలుగా దొరికింది. మొదటిది 75 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) రకం. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో ఉన్నది ఇదే. నిమిషానికి 4000 చుట్ల దగ్గర 75 పీఎస్ శక్తి, 2000 చుట్ల దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. రెండోది 90 పీఎస్ రకం. ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్, బ్రెజాలకు దీన్ని వాడారు. టార్క్ 200 న్యూటన్ మీటర్లు, అదీ 1750 చుట్లకే అందుతుంది. ఫియట్ తన పుంటోలో దీన్నే 93 పీఎస్, 209 న్యూటన్ మీటర్ల దాకా తీసుకెళ్లింది. షెవర్లే బీట్ డీజిల్‌లో ఉన్న మూడు సిలిండర్ల 936 సీసీ ఇంజన్ కూడా ఈ కుటుంబానిదే. 1248లో నాలుగో వంతు తీసేస్తే వచ్చే అంకె అదే.

పీఎస్ అంకె చూసి ఇంజన్‌ను అంచనా వేయడం చాలామందికి అలవాటు. డీజిల్ విషయంలో అది పొరపాటు. 2007 నాటి స్విఫ్ట్ పెట్రోల్ ఇంజన్ శక్తి 87 హార్స్‌పవర్, డీజిల్‌ది 75 పీఎస్. కాగితం మీద పెట్రోలే గొప్ప. కానీ పెట్రోల్ టార్క్ 113 న్యూటన్ మీటర్లు, అదీ 4500 చుట్లు తిరిగాక. డీజిల్ 2000 చుట్లకే 190 ఇస్తుంది. అయిదుగురు ఎక్కి, డిక్కీలో సామాను పెట్టుకుని, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో అంకె.

రెండు రకాలకూ ముఖ్యమైన తేడా టర్బోలో ఉంది. 75 పీఎస్ రకంలో టర్బో లోపలి రెక్కల అమరిక స్థిరంగా ఉంటుంది. 90 పీఎస్ రకంలో పొగ గాలి వచ్చే దారిలోని చిన్న పలకలు వేగాన్ని బట్టి కోణం మార్చుకుంటాయి. అందువల్ల తక్కువ చుట్లలోనూ టర్బో త్వరగా అందుకుంటుంది. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది: 2000 చుట్ల లోపు బండి బద్ధకంగా ఉంటుంది, దాటగానే ఒక్కసారిగా దూసుకుపోతుంది. అది రిపేరు కాదు, ఇంజన్ స్వభావమే. ఎత్తు మీద మూడో గేరులో మూలుగుతుంటే ఆక్సిలరేటర్ తొక్కి పెట్టడం కాదు, రెండో గేరుకు దించడమే మందు.

పీడనం చేసే పని

పెట్రోల్ ఇంజన్‌లో నిప్పు పుట్టించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్‌లో అది ఉండదు. గాలిని విపరీతంగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఈ ఇంజన్ తొలి రకంలో ఆ నొక్కుడు పద్దెనిమిది రెట్లు. తర్వాతి రకాల్లో కాలుష్యం తగ్గించడం కోసం దాన్ని కొంత తగ్గిస్తూ వచ్చారు. నొక్కిన గాలిలోకి డీజిల్‌ను ఎప్పుడు, ఎంత, ఎంత సన్నగా చిమ్మాలన్నదే అసలు నైపుణ్యం.

పాత డీజిల్ బండ్లలో పంపు నుంచి ఒక్కో నాజిల్‌కు ఒక్కో గొట్టం వెళ్లేది. పీడనం ఇంజన్ వేగాన్ని బట్టి పెరిగేది, తగ్గేది. కామన్ రైల్ పద్ధతిలో పంపు ముందే డీజిల్‌ను ఒక ఉమ్మడి గొట్టంలో భారీ పీడనంతో నింపి ఉంచుతుంది. కంప్యూటర్ ఆజ్ఞ ఇచ్చిన క్షణంలో ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. ఈ పద్ధతిని కార్లకు పనికొచ్చేలా మలచడంలో ఫియట్ పరిశోధన కేంద్రానికీ, దాని అనుబంధ సంస్థ మాన్యేటీ మారెల్లికీ పెద్ద పాత్ర ఉంది. తర్వాత హక్కులు జర్మనీ కంపెనీ బాష్ చేతికి వెళ్లాయి. 1997లో వచ్చిన ఆల్ఫా రోమియో 156 కామన్ రైల్ డీజిల్‌తో అమ్మకానికి వచ్చిన మొదటి కారు.

మల్టీజెట్ దాని తర్వాతి మెట్టు. తొలి కామన్ రైల్ ఇంజన్లు ఒక్కో పేలుడుకు ముందు కాస్త, తర్వాత అసలు మోతాదు అన్నట్టు రెండుసార్లు డీజిల్ చిమ్మేవి. మల్టీజెట్ దాన్ని అయిదు సార్ల దాకా విడగొట్టగలదు. రెండు చిమ్ముళ్ల మధ్య వ్యవధిని 1500 మైక్రోసెకన్ల నుంచి 150కి కుదించారు. ఒక్కసారికి చిమ్మే కనీస మోతాదు 1 ఘన మిల్లీమీటరు కంటే తక్కువ. ముందు పడిన చిన్న మోతాదు మెల్లగా అంటుకుని గదిని వేడెక్కిస్తుంది. అసలు మోతాదు పడేసరికి పేలుడు ఒక్కసారిగా విరుచుకుపడదు, క్రమంగా సాగుతుంది. పాత డీజిల్ బండ్ల ‘టక టక’ మోత ఇందులో అంతగా వినపడకపోవడానికి కారణం ఇదే. పొగ తగ్గడానికి, మైలేజీ పెరగడానికీ ఇదే దోహదం చేసింది.

మైలేజీ విషయంలో మన దేశంలో వచ్చిన మార్పు చెప్పుకోదగ్గది. అధికారిక పరీక్షలో 2011 స్విఫ్ట్ డీజిల్ లీటరుకు 22.9 కిలోమీటర్లు ఇచ్చింది. 2014లో అది 25.2 అయింది. 2018 స్విఫ్ట్‌లో 28.4కు చేరింది. ఇంజన్ సామర్థ్యం అదే 1248 సీసీ. ట్యూనింగు మారింది, రాపిడి తగ్గింది, కారు బరువు తగ్గింది. ఇవి పరీక్ష గదిలోని అంకెలు కాబట్టి సిటీ ట్రాఫిక్‌లో అంత రాదు. అయినా హైవే మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా వెళ్లే డ్రైవరుకు ఈ ఇంజన్ లీటరుకు 20 దాటించడం అరుదేమీ కాదు.

ఈ ఇంజన్‌లో కామన్ రైల్ పీడనం 1600 బార్ దాకా వెళ్తుంది. కారు టైరులో ఉండే గాలి దాదాపు 2.2 బార్. అంటే టైరులోని ఒత్తిడికి ఏడు వందల రెట్లకు పైగా. అంత ఒత్తిడితో డీజిల్ వెళ్లే ఇంజెక్టర్ రంధ్రాలు కంటికి ఆనవు. లోపల కదిలే భాగాల మధ్య ఖాళీని మైక్రాన్లలో కొలవాలి. పాత అంబాసిడర్ డీజిల్‌కు కాస్త చెత్త ఉన్న ఇంధనం పోసినా దగ్గుతూ నడిచేది. ఇది నడవదు. ఈ ఇంజన్ సున్నితం ఎక్కడ అంటే ఇక్కడే.

ఒకే ఆయిల్‌కు నాలుగు పనులు

ఇంజన్ బ్లాకు, క్రాంక్, పిస్టన్లు గట్టివి. సరిగ్గా చూసుకున్న ట్యాక్సీలు 3 లక్షల కిలోమీటర్లు దాటాక కూడా ఇంజన్ దించకుండా నడిచాయి. అలాగే లక్షన్నరకే టర్బో పోయి, చైన్ వదులై, షెడ్డులో పడిన సొంత కార్లూ ఉన్నాయి. రెండింటికీ తేడా తీసుకొచ్చింది ఎక్కువ సందర్భాల్లో ఇంజన్ ఆయిల్.

ఈ ఇంజన్‌లో పట్టే ఆయిల్ 3 లీటర్ల పైచిలుకు మాత్రమే. ఆ కొంచెం నాలుగు పనులు చేయాలి. ఒకటి, క్రాంక్, బేరింగులు, పిస్టన్లు అరగకుండా చూడటం. ఇది అన్ని ఇంజన్లలోనూ ఉన్నదే. రెండు, టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను తోయడం. అది ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. మూడు, వాల్వుల దగ్గర ఖాళీని ఎప్పటికప్పుడు సరిచేసే హైడ్రాలిక్ భాగాలను నింపి ఉంచడం. పాత ఇంజన్లలో లాగా మెకానిక్ ఫీలర్ గేజ్ పెట్టి ట్యాపెట్లు సెట్ చేయనక్కర్లేకపోవడం దీని వల్లే. నాలుగోది అన్నిటికంటే కఠినం. టర్బోను కాపాడటం. ఇంత చిన్న టర్బో ఇరుసు పూర్తి వేగంలో నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి తిరుగుతుంది. ఒకవైపు నిప్పులాంటి పొగ గాలి, ఇంకోవైపు చల్లని గాలి, మధ్యలో ఇరుసును తేల్చి ఉంచేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే.

ఆయిల్ నల్లబడి, చిక్కబడి, జిగట అయినప్పుడు ఈ నాలుగు పనులూ ఒకేసారి దెబ్బతింటాయి. మొదట బయటపడేది టర్బోలోనో చైన్‌లోనో. టర్బోకు ఆయిల్ తీసుకెళ్లే గొట్టం సన్నగా ఉంటుంది. అందులో కాలిన ఆయిల్ మడ్డి పేరుకుంటే చుక్క చుక్కగానే అందుతుంది. ఇరుసు అరిగి, వదులై, ఈల శబ్దం మొదలవుతుంది. కొత్త టర్బో బిగించి పాత గొట్టాన్ని అలాగే వదిలేసే మెకానిక్కులు ఉన్నారు. అలా చేస్తే కొత్త టర్బో కూడా కొద్ది నెలల్లో పోతుంది. గొట్టం మార్చాలి, ఆయిల్, ఫిల్టరు మార్చాలి, ఆయిల్ సంపు అడుగున మడ్డి ఉందేమో చూడాలి. ఆ తర్వాతే టర్బో.

టైమింగ్ చైన్ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. బెల్టు అయితే మార్చాలి, చైన్ అయితే జీవితాంతం ఉంటుంది అనేది ఆ అపోహ. దానికి మూలం కంపెనీ మాటల్లోనే ఉంది. 2003లో ఈ ఇంజన్‌ను విడుదల చేసినప్పుడు యాంత్రిక భాగాలకు 2,50,000 కిలోమీటర్ల దాకా మరమ్మతు అక్కర్లేదని, ఆయిల్ మార్పు గడువును 20,000 నుంచి 30,000 కిలోమీటర్లకు పెంచామని ఫియట్ ప్రకటించింది. యూరప్‌లో చల్లని వాతావరణం, శుభ్రమైన రోడ్లు, నాణ్యమైన సింథటిక్ ఆయిల్ ఉన్నా, చైన్ సాగడం, టెన్షనర్ వదులవడం అక్కడి మెకానిక్కులకు బాగా తెలిసిన జబ్బు అయింది. ఒంటి వరుస సన్నని చైన్‌కు, 3 లీటర్ల ఆయిల్‌కు 30,000 కిలోమీటర్లు మోయలేని బరువు. మన దేశంలో మారుతి ఆ గడువును 10,000 కిలోమీటర్లుగా పెట్టడం తెలివైన పని. ఇక్కడ ఈ ఇంజన్‌కు మంచి పేరు రావడంలో ఆ ఒక్క నిర్ణయానికి పెద్ద వాటా ఉంది. కొన్ని కంపెనీలు 15,000 అన్నాయి. హైదరాబాద్ లాంటి ట్రాఫిక్‌లో, మే నెల ఎండల్లో తిరిగే బండికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది పాటించడమే మేలు. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగే కారుకు కూడా ఏడాదికి ఒకసారి ఆయిల్ మార్చాలి. చిన్న దూరాలకే తిరిగే బండిలో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. ఆవిరి, ఇంధనం ఆయిల్‌లో కలుస్తూ పోతాయి.

చైన్ వదులైతే ఉదయం మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ ముందు వైపు నుంచి గరగరమని శబ్దం వస్తుంది. ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతే టెన్షనర్‌లోకి ఆయిల్ ఆలస్యంగా చేరుతున్నట్టు. ఆగకుండా కొనసాగితే వాయిదా వేయకూడదు. చైన్ పన్ను జారితే క్యామ్‌షాఫ్టుకూ క్రాంకుకూ పొంతన తప్పుతుంది. పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. రాకర్లు విరుగుతాయి, వాల్వులు వంగవచ్చు. హెడ్ విప్పాల్సి వస్తే ఖర్చు చైన్ మార్పిడికి అయ్యేదాని కంటే చాలా ఎక్కువ. మార్చేటప్పుడు చైన్ ఒక్కటే కాదు, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు కలిపి సెట్టుగా మార్చాలి. క్యామ్‌షాఫ్టులను కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ లేకుండా, గుర్తులు పెట్టుకుని అంచనాగా బిగించే షెడ్డుకు ఈ పని అప్పగించకూడదు.

ఆయిల్ రకం విషయంలో బేరం వద్దు. కారు పుస్తకంలో రాసిన గ్రేడే పోయాలి. మోడల్‌ను బట్టి 5డబ్ల్యూ-30 లేదా 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిల్ సాధారణంగా కనిపిస్తుంది. పాత బండి కదా అని చిక్కటి లారీ ఆయిల్ పోస్తే, చల్లగా ఉన్నప్పుడు టర్బోకూ టెన్షనర్‌కూ అందడం ఆలస్యమవుతుంది. వారానికి ఒకసారో, దూర ప్రయాణానికి ముందో డిప్‌స్టిక్ తీసి చూడటం అన్ని సర్వీసుల కంటే విలువైన అలవాటు. చదునైన నేల మీద, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. 3 లీటర్లు పట్టే ఇంజన్‌లో లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. ఆయిల్ లైటు వెలిగే దాకా ఆగితే అప్పటికే ఆలస్యం. ఆ లైటు చెప్పేది ఆయిల్ మట్టం సంగతి కాదు, ఒత్తిడి పడిపోయిన సంగతి. వెలిగిన వెంటనే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి, ఇంటిదాకా మెల్లగా తీసుకెళ్దామనుకోకూడదు.

డ్రైవరు చేతిలో ఉన్నది ఇంకొకటి ఉంది. స్టార్ట్ చేయగానే ఆక్సిలరేటర్ తొక్కకూడదు. ఆయిల్ టర్బో దాకా చేరడానికి కొన్ని సెకన్లు కావాలి. అలాగే తిరుమల ఘాట్ ఎక్కాకో, హైవే మీద గంటల తరబడి వేగంగా వచ్చాకో వెంటనే తాళం తిప్పేయకుండా నిమిషం పాటు ఐడిల్‌లో ఉంచాలి. ఎర్రగా కాలిన టర్బోలో ఆయిల్ ప్రవాహం ఆగిపోతే, మిగిలిన ఆయిల్ అక్కడే మాడి బొగ్గవుతుంది. సిటీలో మెల్లగా వచ్చి ఇంటి ముందు ఆపేటప్పుడు ఇంత అవసరం లేదు.

డీజిల్, గాలి, మసి

ఆయిల్ తర్వాత అంత ముఖ్యమైనది డీజిల్ శుభ్రత. ఫిల్టరు డబ్బా అడుగున నీరు చేరుతుంది. చాలా మోడళ్లలో నీరు చేరగానే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. వానాకాలంలో, తీర ప్రాంతాల్లో, సగం ఖాళీ ట్యాంకుతో ఎక్కువ రోజులు నిలబెట్టిన బండ్లలో ఇది మామూలు. నీరు కలిసిన డీజిల్ అంత పీడనంతో పంపులోనూ ఇంజెక్టర్లలోనూ వెళితే తుప్పు పట్టి, అరిగి, మొత్తం సెట్టు పోతుంది. కంపెనీ ఫిల్టరు మారిస్తే పోయేదానికి వేలల్లో, లక్షకు దగ్గరగా ఖర్చు తెచ్చుకున్నట్టు. చవక ఫిల్టరు వేయడం ఈ ఇంజన్‌కు జరిగే పెద్ద అన్యాయాల్లో ఒకటి. రద్దీగా ఉండే, నమ్మకమైన బంకులో పోయించుకోవడం, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నడపకపోవడం మంచిది.

ఇంజెక్టర్ పాడైందనే అనుమానం వస్తే నాలుగూ మార్చేయమని తొందరపెట్టే చోట ఆగి, లీక్-బ్యాక్ పరీక్ష చేయమని అడగాలి. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి పోతున్న డీజిల్‌ను విడివిడిగా గొట్టాల్లో పట్టి పోలుస్తారు. ఒకటి మిగతావాటి కంటే బాగా ఎక్కువ వదులుతుంటే దోషి అదే. కొన్ని రకాల్లో కొత్త ఇంజెక్టర్ బిగించాక దాని మీది కోడ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించాలి. లేకపోతే ఐడిల్ కుదురుగా ఉండదు.

కాలుష్యం తగ్గించడానికి పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఇంకో తలనొప్పి. ఆ పొగలోని మసి, ఆయిల్ ఆవిరితో కలిసి గాలి దారిలో తారులా పేరుకుంటుంది. నిత్యం ట్రాఫిక్‌లోనే, తక్కువ చుట్లలోనే తిరిగే కార్లకు ఇది తొందరగా వస్తుంది. పికప్ పడిపోవడం, నల్ల పొగ, చెక్ ఇంజన్ లైటు దాని లక్షణాలు. విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు సరిపోతుంది. దాన్ని రేకు ముక్కతో మూసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అలా చేస్తే బండి వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అది చట్టానికి విరుద్ధం, ఊపిరితిత్తులకు చేటు. నెలకోసారైనా హైవే మీద ఇంజన్‌ను బాగా వేడెక్కించి అరగంట నడిపితే మసి పేరుకోవడం నెమ్మదిస్తుంది.

పికప్ తగ్గిందంటే అన్నిసార్లూ టర్బో పోయినట్టు కాదు. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం చిట్లినా, క్లిప్పు వదులైనా అవే లక్షణాలు కనిపిస్తాయి. తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం, వెనక నల్ల పొగ. ముందు ఆ గొట్టాలు చూసి, ఆ తర్వాతే పెద్ద ఖర్చు గురించి మాట్లాడాలి. ఎయిర్ ఫిల్టరు దుమ్ము పట్టినా అంతే. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి పుస్తకంలో చెప్పినదానికంటే ముందే దాన్ని మార్చాలి.

పొగ రంగు చాలా సంగతులు చెబుతుంది. నల్ల పొగ అంటే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతోంది. నీలి పొగ అంటే ఆయిల్ మండుతోంది. టర్బో సీలో, పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి వెళ్తోందేమో చూడాలి. టర్బో సీలు పూర్తిగా పోతే అరుదుగా ఒక ప్రమాదం జరుగుతుంది. ఆయిల్ గాలి దారిలోకి కారి, ఇంజన్ దాన్నే ఇంధనంగా కాల్చుకుంటూ తనంతట తాను వేగం పెంచుకుంటుంది. తాళం తీసినా ఆగదు. అప్పుడు బ్రేకు గట్టిగా నొక్కి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ను బలవంతంగా ఆపేయాలి. బండి ఆగాక ఆ ఇంజన్‌ను మళ్లీ స్టార్ట్ చేయకూడదు.

కూలెంట్‌కు బదులు పంపు నీళ్లు పోయడం, వాటర్ బాటిల్‌తో టాప్-అప్ చేస్తూ కాలం గడపడం అల్యూమినియం హెడ్‌కు ప్రాణాంతకం. ఒక్కసారి బాగా ఓవర్‌హీట్ అయిన హెడ్ వంకర తిరుగుతుంది.

మారుతి ఎందుకు వదిలేసింది

ఇంత బాగా అమ్ముడైన ఇంజన్ ఒక్కరోజులో ఆగిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గింది. మసి కణాల పరిమితి 25 నుంచి 4.5 మిల్లీగ్రాములకు పడిపోయింది. దాన్ని అందుకోవాలంటే మసిని పట్టి కాల్చే ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టే పరికరాలు చేర్చాలి. అది సాంకేతికంగా అసాధ్యం కాదు. యూరప్‌లో ఇదే ఇంజన్‌ను ఇంకా కఠినమైన నిబంధనలకు సరిపెట్టారు. కానీ చిన్న కారు ధరకు ఆ ఖర్చు జోడిస్తే, పెట్రోల్, డీజిల్ ధరల మధ్య తగ్గిపోతున్న తేడాతో కొనేవాడికి లెక్క కుదరదు. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు ఆపేస్తామని మారుతి 2019 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. పాత ఇంజన్ లోపం వల్ల కాదు, గాలి పట్ల సమాజం పెట్టుకున్న కొత్త హద్దు వల్ల ఈ నిర్ణయం వచ్చింది. ఆ హద్దు అవసరమే.

ఇప్పుడు కొనేవాళ్లకు

సెకండ్ హ్యాండ్ మార్కెట్లో 1.3 డీజిల్ కార్లు ఇప్పటికీ తేలికగా దొరుకుతాయి. విడిభాగాలకు కొరత లేదు, ఊరూరా దీన్ని విప్పి బిగించగల మెకానిక్కులున్నారు. కానీ ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచితే, ఎందుకని అడిగి, మర్నాడు ఉదయం మళ్లీ రావాలి. సెల్ఫ్ కొట్టగానే చైన్ శబ్దం వినాలి. ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి చూడాలి. సన్నగా ఆవిరి రావడం మామూలే. గుప్పు గుప్పుమని పొగ ఎగదన్నితే ఇంజన్ బోరుకు దగ్గర పడినట్టు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపినట్టు ఉంటే కూలెంట్ కలిసింది. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 1500 చుట్ల నుంచి పూర్తిగా తొక్కి చూడాలి. 2000 దాటాక తోపు స్పష్టంగా రావాలి, వెనక నల్లటి మేఘం రాకూడదు. అదే సమయంలో క్లచ్ జారితే, ఇంజన్ చుట్లు పెరుగుతాయి గానీ వేగం పెరగదు. ఇంత టార్క్ ఉన్న ఇంజన్‌తో హాఫ్ క్లచ్ మీద నడిపిన బండ్లకు క్లచ్ తొందరగా పోతుంది.

ఓడోమీటర్ అంకెను చూసి మోసపోకూడదు, అంకెలు వెనక్కి తిప్పడం ఎంత తేలికో అందరికీ తెలుసు. 2 లక్షల కిలోమీటర్లు తిరిగినా, పది వేలకోసారి ఆయిల్, ఫిల్టర్లు మార్చిన బిల్లులున్న డిజైర్ మంచి కొనుగోలు. 70 వేలే తిరిగిందని చెబుతూ ఆయిల్ మార్చిన ఒక్క బిల్లూ చూపించలేని కారును, ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలేయడమే మేలు.